కూపర్ అంటే కోళ్ల గూడు కాదండీ, పీపా

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంగ్లీషు వాళ్ల ఇంటిపేర్లకి అర్థాలంటూ ఒక బాక్స్ వేశారు కదా. స్మిత్, బేకర్, టేలర్ వరకూ బానే ఉంది, కూపర్ దగ్గరికొచ్చేసరికి "కోళ్ల గూళ్లు కట్టేవాడు" అని పెట్టేసి పక్కన ఒక కోడి బొమ్మ కూడా అంటించారు. డెస్క్‌లో ఎవరో డిక్షనరీలో కూప్ అంటే కోళ్ల గూడు అని చూసి, దానికి ఒక "అర్" తగిలించేసి ఉంటారు. ఆ ఊహ మరీ దారి తప్పిందని కూడా అనలేం, తొట్టి, పీపా అనే అర్థమున్న కూపా అనే లాటిన్ మాట డచ్చి, జర్మన్ తీరాల మీదుగా ఇంగ్లీషుకి చేరింది, కూప్‌ది కూడా ఆ కుటుంబమే అంటారు. కాకపోతే పని వేరు. కూపర్ అంటే చెక్క పీపాలు చేసేవాడు.

కోడి సంగతి వదిలేద్దాం, అది నవ్వుకుని పోయే తప్పు. బాక్స్ అడుగున ఇంకో లైను ఉంది, "ఈ ఇంటిపేర్లు ఉన్నవాళ్లంతా ఆయా వృత్తుల వాళ్ల వారసులే" అని, ఈ ఉత్తరం దానికోసం రాస్తున్నా. ఇంటిపేరు చూసి మనిషి పుట్టుక చెప్పేయొచ్చు అనే నమ్మకం మనకి ఎలాగూ ఎక్కువే, దాన్ని తీసుకెళ్లి ఇంగ్లీషు వాళ్ల మీద కూడా రుద్దితే ఎలా అండీ. కూపర్ అనే ఒక్క పేరు పట్టుకుని చూసినా ఆ లైను నిలబడదు.

ముందు ఆ పని ఏంటో చెప్తా, ఎందుకంటే ఆ పని తెలియకపోతే అంతమందికి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా అర్థం కాదు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఏదైనా దాచాలన్నా, ఒకచోట్నించి ఇంకోచోటికి పంపాలన్నా పీపానే దిక్కు. బీరు, వైను, మంచినీళ్లు, ఉప్పేసిన చేపలు, ఉప్పేసిన మాంసం, వెన్న, పిండి, మేకులు, తర్వాత తర్వాత పొగాకు, తుపాకి మందు, అన్నీ పీపాల్లోనే. డ్రమ్ములు లేవు, ప్లాస్టిక్ లేదు, అట్టపెట్టెల్లేవు. కాబట్టి ప్రతి పట్నంలో, ప్రతి రేవులో, కాస్త పెద్ద పల్లెల్లో కూడా పీపాలు కట్టేవాడు ఒకడైనా ఉండాల్సిందే. వీళ్లలో మళ్లీ రకాలు, నీళ్లూ బీరూ లాంటివి కారకుండా ఆగే పీపా చేసేవాడిది గొప్ప పనితనం, పిండీ పొగాకూ లాంటి పొడి సరుకుకి చేసేవాడిది కొంచెం తేలిక పని, బకెట్లూ తొట్లూ వెన్న చిలికే పాత్రలూ చేసేవాళ్లు ఇంకో రకం, వాళ్లని వైట్ కూపర్ అనేవాళ్లు.

బీరు పీపా కట్టడం ఎలాగంటే, ఓక్ చెట్టు మానుని దాని నార దెబ్బతినకుండా పలకలుగా తీస్తారు, అడ్డదిడ్డంగా కోస్తే చెక్కలోంచే చెమ్మ కారిపోతుంది. ఆ పలకల్ని బాగా ఆరబెట్టాక ఒక్కొక్కదాన్నీ రెండు చివర్లా సన్నంగా, నడుమ వెడల్పుగా చెక్కుతారు, అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పడతారు. ఆ ఏటవాలు ఎంతుండాలి అనేది స్కేలు పెట్టి కొలిచే వ్యవహారం కాదు, అంతా కంటి లెక్కే. తర్వాత ఒక కట్టులో పలకలన్నీ నిలువుగా పేరుస్తారు, అప్పటికి అది కింద విచ్చుకున్న గౌనులా ఉంటుంది. దాన్ని చిత్రిక పొట్టూ చెక్కముక్కలూ వేసిన చిన్న ఇనప కుంపటి మీద బోర్లించి, తడుపుతూ వేడిచేసి, చెక్క మెత్తబడ్డాక చిన్న చిన్న కట్లు ఒకదాని తర్వాత ఒకటి సుత్తితో దిగ్గొడుతుంటే ఆ విచ్చుకున్న కాళ్లన్నీ దగ్గరికి ముడుచుకుంటాయి. అప్పుడు బాడిసతో పైఅంచు చెక్కి, లోపల చుట్టూ ఒక గాడి తీసి, ఆ గాడిలో మూత కూర్చోబెడతారు, మూత ముక్కల మధ్య సందుల్లో ఎండిన రెల్లు ఆకు పెడతారు. ఒక్క మేకు ఉండదు, జిగురు ఉండదు. లోపల నీళ్లు పడితే చెక్క ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. పొట్ట ఎందుకు ఉబ్బెత్తుగా ఉంటుందంటే, పడుకోబెట్టినప్పుడు నేలకి తగిలేది ఆ పొట్ట ఒక్కచోటే కాబట్టి ఒక్క మనిషి నిండు పీపాని దొర్లించుకుంటూ పోతూ ఎటు కావాలంటే అటు తిప్పేయగలడు, 36 గ్యాలన్ల బీరు పీపా అంటే 164 లీటర్లు, చెక్కతో కలిపి రెండొందల కిలోల దగ్గర. చక్రాల బండి అవసరం లేకుండా సరుకే చక్రం అయిపోవడం అన్నమాట, ఇది కనిపెట్టిన వాడెవడో గానీ వాడికో దణ్ణం.

సైజులకి కూడా వింత పేర్లు, 9 గ్యాలన్లది ఫర్కిన్, 18 అయితే కిల్డర్‌కిన్, 36 అయితే బ్యారెల్, 54 అయితే హాగ్స్‌హెడ్. లండన్‌లో ఈ వృత్తి సంఘానికి 1501లో ఏడో హెన్రీ రాజు అధికార పత్రం ఇచ్చాడు, ఆ సంఘం పేరుకి ఇప్పటికీ ఉంది. ఇంత పెద్ద పని కాబట్టే ఆ పేరు బ్రిటన్‌లో బాగా ఎక్కువ కనిపించే ఇంటిపేర్లలో ఒకటైంది, హూపర్ అని ఇంకో ఇంటిపేరు కూడా ఇక్కడిదే, హూప్ అంటే పీపా చుట్టూ బిగించే కట్టు.

ఇప్పుడు అసలు పాయింటుకొస్తా. మొదట్లో ఇవి ఇంటిపేర్లే కావు, గుర్తులు. ఊళ్లో నలుగురు జాన్‌లు ఉంటే పీపాల జాన్ ఎవరు, మిల్లు జాన్ ఎవరు అని చెప్పుకోడానికి పనికొచ్చేవి, వాడి కొడుకు రొట్టెలు కాలిస్తే కొడుకుని రొట్టెల రాబర్ట్ అనేవాళ్లు. నార్మన్లు వచ్చిన 1066 తర్వాత మెల్లమెల్లగా, పై వర్గాల వాళ్లతో మొదలై, ఒక రెండు మూడొందల ఏళ్లలో ఇవి తండ్రి నుంచి కొడుక్కి దిగే పేర్లుగా గడ్డకట్టేశాయి. 14వ శతాబ్దం అయ్యేసరికి చాలామందికి ఇంటిపేరు స్థిరపడిపోయింది. అంటే ఆ గడ్డకట్టిన టైములో తండ్రి వైపు ముత్తాత ఒకాయన ఏం పనిచేశాడో అంతవరకే ఆ పేరు చెప్తుంది. తల్లి వైపు గురించి చెప్పదు, ఆయన కొడుకు గురించి కూడా చెప్పదు. పైగా ఒక్క కుటుంబం కూడా కాదు, దేశంలో వందల చోట్ల వందల మంది పీపాల వాళ్లకి విడివిడిగా తగులుకున్న పేరు, కాబట్టి ఇద్దరు కూపర్లు కలిస్తే చుట్టాలు అవ్వాల్సిన పన్లేదు.

ఇది ఎంత తొందరగా విడిపోయిందో చూడాలంటే 1620కి వెళ్లాలి. ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లేవాళ్లతో మేఫ్లవర్ ఓడ అమెరికా బయల్దేరేటప్పుడు సౌతాంప్టన్ రేవులో పీపాల పనికి ఒక కుర్రాడిని పెట్టుకున్నారు, ఓడలో నీళ్లూ బీరూ అన్నీ పీపాల్లోనే కాబట్టి ఆ పనివాడు లేకుండా సముద్రం మీదకి పోవడం కుదిరే పని కాదు. ఆ అబ్బాయి పేరు జాన్ ఆల్డెన్. కూపర్ పని, ఇంటిపేరేమో ఆల్డెన్! అక్కడికి చేరాక ఉంటావా వెనక్కి పోతావా నీ ఇష్టం అంటే ఉండిపోయాడు, ఓడలో వచ్చిన అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఆయన వంశంలోని వాడే. మీ బాక్స్ లెక్కన చూస్తే ఆ పీపాల మనిషి వారసులు ఎవరూ లిస్టులోకి రారు.

ఇటు నిజంగా కూపర్ పేరున్న వాళ్లని చూడండి. న్యూయార్క్‌లో పీటర్ కూపర్ అని 1791లో పుట్టినాయన, తండ్రి టోపీలు చేసేవాడు, ఈయన బండ్లు కట్టే చోట పని నేర్చుకుని, జిగురు ఫ్యాక్టరీ పెట్టి డబ్బు సంపాదించాడు. 1830లో టామ్ థంబ్ అని బుల్లి ఆవిరి ఇంజన్ తయారుచేసి గుర్రంతో పందెం వేస్తే మధ్యలో బెల్టు జారిపోయి గుర్రం గెలిచిందని చెప్తారు, పందెం పోయినా రైలు కంపెనీకి మాత్రం ఆవిరి మీద నమ్మకం కుదిరింది. ఆయన స్వయంగా పెద్ద చదువులు చదువుకోలేదు, అందుకే పనిచేసుకునే వాళ్లు ఉచితంగా చదువుకోడానికి 1859లో కూపర్ యూనియన్ అనే కాలేజీ పెట్టాడు, మరుసటేడు ఫిబ్రవరిలో అబ్రహాం లింకన్ అక్కడే మాట్లాడాడు, లింకన్‌ని అధ్యక్ష పదవి దాకా తీసుకెళ్లిన ప్రసంగాల్లో అదొకటి అంటారు. 85 ఏళ్ల వయసులో, 1876లో, పీటర్ కూపర్ తనే అధ్యక్ష పదవికి పోటీ కూడా చేశాడు. ఓడిపోయాడనుకోండి. పీపా మాత్రం ఎక్కడా లేదు ఈ కథలో, జిగురు ఉంది.

దొరల్లోకి కూడా పోయింది ఈ పేరు. ఆష్లీ కూపర్లు అంటే షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అనే వంశపారంపర్య బిరుదున్న కుటుంబం, పెద్ద భూస్వాములు. వాళ్లలో ఏడో ఎర్ల్, పంతొమ్మిదో శతాబ్దంలో, గనుల్లో ఫ్యాక్టరీల్లో చిన్నపిల్లల చేత చాకిరీ చేయించడం మీద పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడాడు, 1842లో పదేళ్లలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్లనీ భూగర్భంలో పనికి దించకూడదని చట్టం వచ్చింది. లండన్ పికాడిల్లీ సర్కస్‌లో అందరూ ఫొటోలు దిగే ఆ రెక్కల బొమ్మ ఈయన జ్ఞాపకార్థం పెట్టిందే, జనం దాన్ని మన్మథుడు అనుకుంటారు. సర్జన్లలో ఆస్ట్లీ కూపర్ ఉన్నాడు, నాలుగో జార్జి రాజు తల మీద కణితి తీసి బిరుదు కొట్టేశాడు, మెడికల్ స్టూడెంట్లు ఇప్పటికీ కూపర్ లిగమెంట్లు అని బట్టీ పడుతుంటారు. విలియం కౌపర్ అని స్పెల్లింగ్ రాసే కవి కూడా పలకడం కూపరే, ఇది తెలియక మా కాలేజీలో లెక్చరర్లే కౌపర్ కౌపర్ అనేవాళ్లు.

కార్ల వాళ్లకి మినీ కూపర్ తెలుసు కదా, అది జాన్ కూపర్ పేరు. తండ్రీ కొడుకులు లండన్ పక్కన సర్బిటన్‌లో చిన్న గ్యారేజీలో రేసు కార్లు కట్టేవాళ్లు, యుద్ధం తర్వాత చవగ్గా దొరికే మోటార్ సైకిల్ ఇంజను వాడాల్సొచ్చి, అది చైనుతో వెనక చక్రాల్ని తిప్పేది కాబట్టి ఇంజను డ్రైవరు వెనక పెట్టేశారు. సౌకర్యం కోసం చేసిన పని. 1959, 1960లో వరసగా జాక్ బ్రభామ్ వాళ్ల కారులో ఫార్ములా వన్ ఛాంపియన్ అయ్యాక మిగతా వాళ్లు కూడా మెల్లగా ఇంజన్లు వెనక్కి మార్చుకున్నారు. 1961లో మినీ కారుకి ఆయన పేరు తగిలింది, 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. అంతరిక్షంలోనూ ఉన్నాడొక కూపర్, గోర్డన్ కూపర్, 1963 మేలో ఒక్కడే 22 సార్లు భూమి చుట్టూ తిరిగి, చివర్లో ఆటోమేటిక్ వ్యవస్థ చెడిపోతే చేతివాచీ చూసుకుంటూ తనే చేత్తో నడిపి సముద్రంలో దిగాడు.

అసలు రక్తంతో సంబంధం లేకుండా పేరు తెచ్చుకున్న కూపర్ల గురించి చెప్తే మీ లైను పూర్తిగా పడిపోతుంది. లియోన్ కూపర్, 1972లో సూపర్‌కండక్టివిటీ, అంటే బాగా చల్లబరిచిన కొన్ని పదార్థాల్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారడం, ఆ సిద్ధాంతానికి ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ తీసుకున్నాయన, కూపర్ పెయిర్ అని ఫిజిక్సు వాళ్లు రోజూ అనే మాట ఆయన పేరే. ఆయన పుట్టినప్పటి ఇంటిపేరు కుప్చిక్, బెలారస్ నుంచి వలసొచ్చిన తండ్రిది, తర్వాత కుటుంబం కూపర్ అని మార్చుకుంది. రాక్ పాటగాడు ఆలిస్ కూపర్ అసలు పేరు విన్సెంట్ ఫర్నియర్, మొదట బ్యాండుకి పెట్టుకున్న పేరు ఆయనకే అతుక్కుపోయింది. చేత్తో పట్టుకునే సెల్‌ఫోన్ నుంచి 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మొదటి కాల్ చేసిన మార్టిన్ కూపర్ యుక్రెయిన్ నుంచి వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు, ఆ కాల్ కూడా ఎవరికో కాదు, పోటీ కంపెనీ ఇంజనీరుకి, ఏడిపించడానికి. ముంబైలో పార్సీలు బ్రిటిషు కాలంలో ఇంజనీర్, కాంట్రాక్టర్, మర్చంట్ అని పెట్టుకున్నట్టే కూపర్ అని కూడా పెట్టుకున్నారు, 1937లో బొంబాయి ప్రావిన్సుకి మొదటి ప్రధాని, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు, సర్ ధన్‌జీషా కూపర్. ఆయన్ని ఇంగ్లీషు పీపాల వాడి వారసుడు అంటామా?

ఇంకో తమాషా, పీపాల పని అన్ని దేశాల్లోనూ ఉంది కాబట్టి ఈ పేరు కూడా అన్ని భాషల్లో ఉంది. డచ్చిలో కైపర్, సౌరకుటుంబం చివర కైపర్ బెల్ట్ ఉందే, ప్లూటో తిరిగేది, అది జెరార్డ్ కైపర్ అనే డచ్చి సంతతి ఖగోళ శాస్త్రవేత్త పేరు, అంటే అర్థం చెప్పుకుంటే పీపాలవాడి బెల్టు. జర్మన్‌లో ఫాస్‌బిండర్, బోట్చర్. యుక్రెయిన్ వైపు బొండార్‌చుక్, బొండారెంకో. హంగెరీలో కాదార్, ఆ దేశాన్ని 1956 నుంచి మూడు దశాబ్దాలకి పైగా ఏలిన యానోష్ కాదార్ పుట్టినప్పుడు చెర్మానిక్, అజ్ఞాతంలో తిరిగే రోజుల్లో కాదార్ అని పెట్టుకుని అదే ఉంచేసుకున్నాడు. పని మనిషి పేరు కదా, కమ్యూనిస్టు నాయకుడికి బాగా కుదిరింది.

పత్రికల వాళ్లకి ముఖ్యంగా చెప్పాల్సిన కూపర్ ఇంకొకడు ఉన్నాడు. 1971 నవంబర్ 24న అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్ వెళ్లే బోయింగ్ 727లో ఒకడు బాంబుందని బెదిరించి, 2 లక్షల డాలర్లూ పారాచూట్లూ తెప్పించుకుని, మళ్లీ గాల్లోకి లేచాక రాత్రి వానలో విమానం వెనక మెట్ల మీంచి దూకేశాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు. 1980లో ఒక పిల్లాడికి కొలంబియా నది ఒడ్డున ఇసకలో ఆ డబ్బులో 5,800 డాలర్లు దొరికాయి, అంతే, 2016లో ఎఫ్‌బీఐ ఆ కేసు పక్కన పెట్టేసింది. వాడు టికెట్ కొన్న పేరు డాన్ కూపర్. కానీ ప్రపంచమంతా వాడిని డీబీ కూపర్ అంటుంది, ఎందుకంటే ఆ గందరగోళంలో ఒక విలేకరి పేరు తప్పుగా రాసుకున్నాడు, అది వార్తా సంస్థల ద్వారా అన్ని పేపర్లకీ పాకిపోయింది. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ సరికాలేదు. పేపర్లో పడ్డ తప్పు ఎంత గట్టిదో ఇంతకంటే ఏం చెప్పను, మీ కోళ్ల గూడు కూడా ఏ క్విజ్ పుస్తకంలోకో ఎక్కకముందే సవరణ వేయండి.

ఆ పని ఇప్పుడు లేదనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లోహపు పీపాలొచ్చి బీరు కంపెనీల్లో వీళ్ల పని చాలావరకు పోయింది గానీ, స్కాచ్ విస్కీని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచాలని చట్టం, అమెరికా బోర్బన్ విస్కీకేమో ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే కావాలని చట్టం, అందుకని అక్కడ ఒకసారి వాడేసిన పీపాలు ఓడలెక్కి స్కాట్లండ్‌కి వస్తాయి, వాటిని విప్పి, చెడ్డ పలక తీసి, మళ్లీ కట్టడానికి మనుషులు కావాలి. అక్కడ నాలుగేళ్లు పని నేర్చుకున్న కుర్రాడికి చివర్లో ఒక ఆనవాయితీ ఉంది, వాడిని పీపాలో కూలేసి, మసీ పొట్టూ బీరూ ఇంకా ఏవేవో నెత్తిన పోసి, పీపాతో సహా దొర్లిస్తారు. లేచి నిలబడితే వాడు పనివాడైపోయినట్టే. వాడి ఇంటిపేరు మాక్‌డొనాల్డో ఇంకేదో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

అన్నట్టు మీ బిజినెస్ పేజీలో రోజూ బ్యారెల్ ముడిచమురు ఇంత అని వేస్తారు కదా, ఆ బ్యారెల్ కూడా వీళ్ల పుణ్యమే. 1860ల్లో పెన్సిల్వేనియాలో నూనె బావులు పొంగుతుంటే పోయడానికి ఏం దొరక్క చేతికందిన చెక్క పీపాలన్నీ వాడారు, ఎవరి కొలత వాళ్లదై గొడవలొచ్చి 1866లో 42 గ్యాలన్లని ఒప్పుకున్నారు, అమెరికా గ్యాలన్ ఇంగ్లీషు వాళ్ల గ్యాలన్ కంటే చిన్నది కాబట్టి అది 159 లీటర్లే. చమురు పీపాల్లో పోయడం ఎప్పుడో మానేసినా లెక్క మాత్రం పీపాల్లోనే నడుస్తోంది.

సవరణతో పాటు వచ్చే వారానికి ఇంకో పేరు కావాలంటే వాకర్ తీసుకోండి. ఫుల్లర్, టక్కర్, వాకర్ మూడూ ఒకే పనివాడి పేర్లు, ఇంగ్లండ్‌లో ఆగ్నేయం వైపు ఫుల్లర్ అనేవాళ్లు, నైరుతి వైపు టక్కర్, ఉత్తరాన వాకర్. బాగా నడిచేవాడు అని మాత్రం వేయకండి. నడిచేవాడే గానీ రోడ్డు మీద కాదు, కొత్తగా నేసిన ఉన్ని బట్ట చిక్కబడాలని తొట్టిలో వేసి కాళ్లతో గంటల తరబడి తొక్కేవాడు, జిడ్డు పోవడానికి అందులో పోసేది పులిసిన మూత్రం. దీనికి బొమ్మ ఏం వేస్తారో మీ ఇష్టం.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు